మితభాషులగు సముద్ర యంత్రములు

రేడియోలో పనిచేయు మాకు మాటను కొలిచి వాడుట అలవాటే. పదునైదు నిమిషముల ప్రసంగమునకు ఎన్ని కాగితములు కావలయునో, వార్తలకు ముందు ఎన్ని సెకండ్లు మిగులునో మాకు కంఠస్థము. కాని మేము కొలుచునది కాలమును, విద్యుత్తును గాదు. మా ప్రసారిణికి కావలసిన విద్యుత్తు తీగల వెంట వచ్చుచునే యుండును. ఒక మాటను గాలిలోనికి పంపుటకు ఎంత ఖర్చయినదని మమ్మెవ్వరును ఇంతవరకు అడుగలేదు. వినువారికిని ఆ చింత తక్కువ. చేతిలో ఇమిడిపోవు చిన్న రేడియో సెట్టు రెండు బేటరీలతో వారముల తరబడి పలుకుచుండుటకు కారణమేమి? అది వినుటయే గాని బదులు చెప్పకుండుట. వినుట చవుక; పలుకుట ఖరీదు.

నేడు మేము చెప్పబోవునది ఆ ఖరీదును అనుదినము లెక్క చూచుకొనుచు పలుకవలసిన ఒక ప్రసారకుని గూర్చి. ఆ ప్రసారకుడు మనుష్యుడు గాడు. సముద్రములో తిరుగు యంత్రము. దానికి తీగలు లేవు. సూర్యరశ్మితో నింపుకొను పలకలు లేవు. పుట్టినప్పుడు పొట్టలో పెట్టి పంపిన బేటరీయే దాని యావదాస్తి. అది తీరిన నాడు ఆయువు తీరినట్లే. ఆ యంత్రము తన బేటరీని ఎట్లు ఖర్చు పెట్టుకొనుననుటపై తూర్పు కోస్తాలో మనము వినెడి తుపాను హెచ్చరికల నాణ్యము కొంతవరకు ఆధారపడియున్నది. అందుచేత ఇది వేడుకకు చెప్పుకొను యంత్ర విశేషము మాత్రమే కాదు.

ఈ యంత్రములకు ఆర్గో ఫ్లోటులని పేరు. ఆర్గో యనునది యవన పురాణమున జేసన్ అను వీరుడెక్కిన ఓడ. సముద్రపు నీటిమట్టమును ఆకాశమునుండి కొలుచు ఉపగ్రహమునకు జేసన్ అని పేరు పెట్టినందున, నీటిలో తిరుగు దాని తోడునకు ఈ పేరు వచ్చినది. ఈ శతాబ్దపు ఆరంభమున ఒకటొకటిగా జారవిడిచిన ఈ ఫ్లోటులు 2007 నవంబరు నాటికి ప్రపంచ సముద్రములన్నిటను కలిపి 3000 అయినవి. ఇప్పుడు ఇంచుమించు 4000 పనిచేయుచున్నవి. హిందూ మహాసముద్రమున మన దేశము విడిచిన వానిని హైదరాబాదునందలి భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రమువారు, క్లుప్తముగా ఇన్‌కాయిస్ వారు, చూచుకొనుచుందురు. సముద్రమునకు అంత దూరమున, దక్కను రాళ్ల నడుమ కూర్చుండి సముద్రపు లోతులను చదువుట వింతయే. కాని జాబు ఉపగ్రహము ద్వారా వచ్చునప్పుడు తపాలా కార్యాలయము ఏ ఊరనున్ననేమి?

ఫ్లోటు ఒక నిడుపాటి లోహపు గొట్టము. బరువు 20, 30 కిలోగ్రాముల నడుమ. తలపై ఏరియలు, నీటి ఉష్ణమును ఉప్పదనమును కొలుచు పరికరము. అడుగున రబ్బరు తిత్తి. గొట్టములోపలి నూనెను పంపు ఆ తిత్తిలోనికి నెట్టినచో తిత్తి ఉబ్బి, ఫ్లోటు నీటికంటె తేలికయై పైకి వచ్చును. నూనెను లోనికి తీసికొనినచో మునుగును. ఇంతకు మించిన చోదకము దానికి లేదు. తెడ్డు లేదు, తెరచాప లేదు. 1000 మీటరుల లోతునకు దిగి, అచ్చటి ప్రవాహముతో తొమ్మిది దినములు మౌనముగా కొట్టుకొనిపోవును. పదియవనాడు 2000 మీటరులకు దిగి, అచ్చటినుండి పైకి లేచుచు దారి పొడుగునను కొలతలు తీసికొనును. సెకండునకు 10 సెంటీమీటరులు దాని నడక. ఆ లెక్కను పైకి వచ్చుటకు అయిదున్నర గంటలు పట్టును. పైకి వచ్చి, తాను చూచినది ఉపగ్రహమునకు చెప్పి, మరల మునుగును. ఇట్టి ప్రయాణములు నూటయేబదియో అంతకు కొంచెము ఎక్కువయో చేయగలదు. 150 ప్రయాణములను పదేసి దినములకు లెక్కించినచో 1500 దినములు, అనగా నాలుగేండ్లకు పైబడిన ఆయువు. తరువాత దానిని వెదకి తెచ్చుట అరుదు. ఓడను పంపు ఖర్చు ఫ్లోటు ఖరీదును మించును.

బేటరీలోని శక్తి ఎచ్చటెచ్చట వ్యయమగును? మొదటి భాగము పంపుది. 2000 మీటరుల లోతున నీటి ఒత్తిడి గాలి ఒత్తిడికి 200 రెట్లు. ఆ ఒత్తిడికి ఎదురుగా పావు లీటరు నూనెను నెట్టుటకు, యంత్రములో వృథా యగునది విడిచిపెట్టినను, 5000 జౌళ్ల శక్తి కావలయును. అనగా ఒక వాటు దీపము గంటన్నరకు కొంచెము తక్కువ సేపు వెలుగుటకు చాలినంత. అయితే నూనెనంతను అడుగుననే నెట్టరు. లేచుటకు చాలినంత మాత్రము అడుగున నెట్టి, నడక మందగించినప్పుడెల్ల మరికొంత నెట్టుదురు. పైకి వచ్చుకొలది ఒత్తిడి తగ్గును గనుక ప్రయాసయు తగ్గును. మూటను మెట్లమీద కొంచెము కొంచెముగా ఎక్కించు కూలివాని ఉపాయమిది. రెండవ భాగము కొలత పరికరముది. మూడవది, నేటి మన ప్రసంగమునకు ముఖ్యమైనది, మాటలాడుటకయ్యెడి ఖర్చు. పంపునకు ప్రకృతి నియమమే హద్దు. అందులో బేరము తక్కువ. మాటలో మాత్రము బేరమునకు చోటు కలదు.

మొదటి ఫ్లోటులు ఆర్గోస్ అను ఉపగ్రహ పద్ధతిలో పలికినవి. పేర్లు దగ్గరగా నున్నవని తికమక పడరాదు. ఆర్గో ఫ్లోటుల పేరు, ఆర్గోస్ తపాలా పేరు. ఈ తపాలాను ఫ్రెంచివారును అమెరికావారును కలిసి 1978లో ఆరంభించిరి. ధ్రువములమీదుగా తిరుగు వాతావరణ ఉపగ్రహములపై చిన్న గ్రాహక యంత్రము నమర్చిరి. భూమిపైనున్న పరికరము ఉపగ్రహము వచ్చినదో లేదో ఎరుగదు. నిర్ణీత కాలమునకొకసారి తన మాటను గాలిలోనికి విసరివేయును. వినువాడున్న వినును, లేనిచో మాట పోవును. ఒక్కొక్క మాటలో ఇముడునది 256 బిట్లు, అనగా 32 బైట్లు. ఒక బైటు ఒక ఆంగ్లాక్షరమునకు చాలును. ముప్పదిరెండక్షరముల పోస్టుకార్డును ఊహించుకొనుడు. ఇందొక సొగసు కూడ కలదు. రైలు మనవైపు వచ్చునప్పుడు కూత సన్నగాను, దాటిపోవునప్పుడు బొంగురుగాను వినబడును గదా? అట్లే ఉపగ్రహమునకు వినబడు స్వరములోని మార్పును బట్టి, పలికినది ఎచ్చటనున్నదో కనుగొందురు. కనుక పరికరము తన చిరునామా వ్రాయనక్కరలేదు. 1978 నాటికి ఇది మెచ్చదగిన ఉపాయము. నేటికిని కొన్ని పనులకు దీనిని మించినది లేదు. ఆ సంగతి తరువాత చెప్పెదము.

ఫ్లోటునకు మాత్రము ఈ పోస్టుకార్డులు ఇరుకైనవి. ఒక లోతున తీసికొనిన కొలతలో మూడంకెలు: ఒత్తిడి, ఉష్ణము, ఉప్పదనము. రెండు బైట్లలో 65,536 వేరువేరు విలువలను వ్రాయవచ్చును గనుక, డిగ్రీలో వెయ్యవ వంతు వరకును ఉష్ణమును అందులో ఇమిడ్చుదురు. మూడంకెలకు ఆరు బైట్లు. 70 లోతుల కొలతలకు 420 బైట్లు. తలకట్టునకు, తప్పు పట్టు అంకెలకు పోగా ఒక్కొక్క కార్డులో మిగులు చోటును బట్టి చూచినచో 15 కార్డులు కావలయును. నిమిషమునకొక కార్డు పంపినచో ఒక ఆవృత్తికి పదునైదు నిమిషములు. ఉపగ్రహము ఆకాశమున కనబడునది పది నిమిషముల ప్రాంతము. అనగా ఒక రాకలో అన్ని కార్డులును అందవు. అలలలో ఏరియలు మునిగినప్పుడు పలికినవి పోవును. అందినవానిలోను కొన్ని చెడిపోవును. అందినదని తిరుగు టపా లేదు. ఇంకొక చిక్కు మనవైపు వారికే ప్రత్యేకము. ధ్రువములమీదుగా తిరుగు ఉపగ్రహములు ధ్రువ ప్రాంతమువారికి మాటిమాటికి కనబడును. భూమధ్యరేఖకు దగ్గరనున్న బంగాళాఖాతమునకు రోజుకు కొన్ని తడవలే. కాబట్టి ఫ్లోటు ఎనిమిది గంటలో, పది గంటలో, పండ్రెండు గంటలో నీటిపై తేలుచు చెప్పినదే చెప్పుచుండవలయును. పది గంటలలో 600 పలుకులు. చెప్పవలసిన కార్డులు పదునైదే. ఒక్కొక్క కార్డును 40 మార్లు పలికినదన్నమాట!

తరగతిలో చెవిటి పిల్లవానికి పాఠము చెప్పు పంతులుగారు కూడ ఇన్ని మార్లు చెప్పరు. పంతులుగారికైనను పిల్లవాడు తల ఊపినచో అర్థమైనదని తెలియును. ఫ్లోటునకు ఆ భాగ్యము కూడ లేదు.

ఇందు పోవునది విద్యుత్తు మాత్రమే గాదు. నీటిపై గంటల తరబడి తేలు యంత్రమునకు నాచు పట్టును, గవ్వపురుగులంటును. కొలత పరికరము మసకబారును. గాలి ఒక దిక్కునకు, అల ఒక దిక్కునకు నెట్టును. లోతున ప్రవాహము తనను ఎచ్చటికి తీసికొనిపోయినదను సంగతి పైపై కొట్టుకుపోతతో కలిసి చెడును. ఓడలు తగులును. ఒకప్పుడు పడవవారికి చిక్కి ఒడ్డునకు చేరును. వారి తప్పు లేదు, సముద్రములో దొరికిన మెరయు గొట్టమును ఎవరు విడుతురు?

అన్నిటికంటె పెద్ద నష్టము మరియొకటి. మాటకు చోటు లేదు గనుక ఫ్లోటు చూచినదంతయు చెప్పదు; డెబ్బది లోతులను ఏరి చెప్పును. పైభాగమున దగ్గర దగ్గరగా, పది మీటరులకొకటి వంతున. అడుగున యాబది మీటరులకొకటి వంతున. అట్లాంటిక్ సముద్రమునకు ఇది చాలునేమో. బంగాళాఖాతమునకు మాత్రము చాలదు. ఎందుచేత?

గంగా బ్రహ్మపుత్రలు, మహానది, గోదావరి, కృష్ణ: ఇన్ని నదుల నీరు ఈ ఒక్క అఖాతములో పడును. పైన వాన. మంచినీరు ఉప్పునీటికంటె తేలిక గనుక వర్షకాలము తరువాత సముద్రముపై పలుచని తియ్యనీటి పొర దుప్పటివలె పరచుకొనును. మామూలు సముద్రములో పెనుగాలి వీచినచో పైనీరు చెదరి అడుగుననున్న చల్లని నీరు పైకి వచ్చును. తుపానునకు ఆహారము సముద్రపు వేడి. చల్లని నీరు తగిలినచో దాని ఆకలి తీరక కొంత నీరసించును. కాని ఈ తియ్యనీటి దుప్పటి క్రింద, చల్లని నీటికి పైన, వెచ్చని ఉప్పునీటి పొర ఇంకొకటి ఏర్పడును. గాలి ఎంత కలచినను చల్లని నీరు తేలికగా పైకి రాదు. తుపానునకు వేడి అందుచునే యుండును. ఉపగ్రహము ఆకాశమునుండి చూచునది సముద్రపు చర్మమును మాత్రమే. చర్మము వెచ్చగానున్నదని అది చెప్పగలదు. ఆ వెచ్చదనము పది మీటరుల మందమో అరువది మీటరుల మందమో చెప్పలేదు. చెప్పగలది నీటిలోనున్న యంత్రము. ఆ యంత్రమే పొదుపు చేసి పది మీటరులకొక మాట చొప్పున చెప్పినచో, ఏ పలుచని పొరను మనము తెలిసికొనగోరితిమో అది రెండు మాటల నడుమ జారిపోవచ్చును.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను చూచినవారు మన శ్రోతలలో ఇంకను కలరు. పదివేలకు పైగా ప్రాణములు పోయినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణముపై విరుచుకొనిపడినది. తుపాను ఏ తీరమును తాకునో ముందుగా చెప్పుటలో వాతావరణ శాఖవారు ఈ నడుమ సాధించిన అభివృద్ధి ప్రశంసనీయము. తీరమును తాకునాటికి అది ఎంత బలముతోనుండుననుట అంతకంటె కష్టమైన ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబులో ఒక పాలు ఈ పొరల మందముననే యున్నది. మత్స్యకారులకు హెచ్చరికయని మేము మైక్రోఫోను ముందు చదువు నాలుగు వాక్యముల వెనుక ఎన్ని అంకెలున్నవో చదువునప్పుడు మాకును స్ఫురింపదు.

ఇక రెండవ తపాలా. దాని పేరు ఇరిడియం. మొదట 77 ఉపగ్రహములు కావలయునని తలచి, 77వ మూలకము పేరు పెట్టిరి. పిదప 66 చాలునని తేలినను పేరు మార్చలేదు. 780 కిలోమీటరుల ఎత్తున, ధ్రువముల మీదుగా పోవు ఆరు వరుసలలో, వరుసకు పదునొకటి వంతున ఇవి భూమిని చుట్టుచుండును. ఎచ్చట నిలిచి తలయెత్తినను ఒకటైనను కనుచూపులో నుండును. 1998 నవంబరులో సేవ ఆరంభమైనది. చేతి టెలిఫోనుతో ప్రపంచమున ఎచ్చటినుండియైనను మాటలాడవచ్చునను ఆశతో అపారమైన ధనము పోసి కట్టిన సంస్థ, టెలిఫోను బరువు, ఖరీదు, ఇంటిలోపల పనిచేయకపోవుట చేత కొనువారు లేక, ఏడాది తిరుగకముందే 1999 ఆగస్టులో దివాలా తీసినది. ఉపగ్రహములను దించి కాల్చివేయవలయునని కూడ తలపెట్టిరి. చివరి గడియలో కొత్త యజమానులు చవుకగా కొని నిలబెట్టిరి. నగరవాసుల టెలిఫోనుగా ఓడిపోయినది, ఓడలకును ఎడారులకును సముద్ర యంత్రములకును ప్రాణాధారమైనది. పెద్దల కొరకు కట్టిన మేడలో పేదలు కాపురమున్నట్లయినదని మేము సంతోషింతుము.

ఇరిడియంలో ఫ్లోటు గాలిలోనికి మాట విసరదు. ఉపగ్రహమును పిలుచును, పలికినదని తెలిసిన పిదప చెప్పును, అందినదని బదులు పొందును, మునుగును. వేగము సెకండునకు 2400 బిట్లు. మీ యింటనున్న ఫోనుల వేగముతో పోల్చినచో ఇది నత్తనడక. ఫ్లోటునకు మహావేగము. లెక్క చూడుడు. 2000 మీటరులలో రెండు మీటరులకొక కొలత చొప్పున 1000 కొలతలు. ఆరేసి బైట్ల వంతున 6000 బైట్లు, 48,000 బిట్లు. 2400తో భాగించినచో ఇరువది సెకండ్లు! పిలుపునకు, సరిచూచుకొనుటకు, తానున్న చోటును కనుగొనుటకు పట్టు కాలము కలుపుకొనినను పావుగంటయో, అంతకు కొంచెము హెచ్చో. అచ్చట పది గంటలలో డెబ్బది కొలతలు. ఇచ్చట పావుగంటలో వెయ్యి.

మొదట వినువారికి ఇది విడ్డూరముగా తోచును. ఎక్కువ మాటలాడినచో ఎక్కువ ఖర్చు కావలయును గదా? ఇరిడియం మోడెము పలుకుచున్నంతసేపు నిమిషమునకు త్రాగు విద్యుత్తు నిజముగా హెచ్చే. నిమిషముతో కొలిచినచో అది తిండిపోతు. పనితో కొలిచినచో మితాహారి. శక్తి యనగా బలమును కాలముతో హెచ్చించినది. బలము మూడింతలైనను కాలము నలుబదవ వంతైనచో లాభమే. పొయ్యిమీద సన్నని సెగను పగలంతయు ఉంచు ఇల్లాలికంటె, పెద్ద మంటతో పది నిమిషములలో వంట ముగించి పొయ్యి ఆర్పిన ఇల్లాలు తక్కువ కట్టెలు కాల్చును. పొదుపనగా నెమ్మదిగా పలుకుట యనుకొనుట పొరపాటు. త్వరగా చెప్పి త్వరగా నిద్రించుట మేలైన పొదుపు. ఈ కాలపు దూరవార్తా యంత్రములు అనేకము ఈ సూత్రముననే నడచుచున్నవి. మెలకువ క్షణకాలము, నిద్ర దీర్ఘము.

అయితే ఇందును చిక్కులు లేకపోలేదు. ఈ సంభాషణకు ఏరియలు కొంతసేపైనను నీటిపై నిలువవలయును. సముద్రము అలజడిగానున్నప్పుడు అల మీద అల వచ్చి ఏరియలును ముంచును. పిలుపు నడుమ తెగును. ఫ్లోటు మరల పిలుచును, మరల తెగును. ఒక్కొక్క పిలుపునకు మోడెము మేల్కొని వెదకుట విద్యుత్తు ఖర్చే. సరకు చేరకయే బండి కూలి యిచ్చినట్లు. ఎన్ని మార్లు ప్రయత్నింపవలయును, ఎప్పుడు విరమించి మునుగవలయుననునది ముందే నిర్ణయించి పంపుదురు. విరమించినచో నష్టములేదు, కొలతలను జ్ఞాపకమునందుంచుకొని మరుసటి తడవ కలిపి చెప్పును. దక్షిణ ధ్రువ ప్రాంతమున ఈ గుణము మిక్కిలి అక్కరకు వచ్చినది. అచ్చట శీతకాలమున సముద్రముపై మంచు గడ్డకట్టును. పైకి వచ్చు ఫ్లోటు ఉపరితలము దగ్గరపడు కొలది నీరు గడ్డకట్టు ఉష్ణమునకు సమీపించుచున్నదని గ్రహించి, పైన కప్పున్నదని ఊహించి, తల తగులకముందే వెనుదిరుగును. శీతకాలపు కొలతలన్నియు దాచుకొని మంచు కరగిన పిదప ఒక్కసారిగా చెప్పును. ముప్పదిరెండక్షరముల కార్డులతో ఆరు మాసముల మూటను విప్పుట సాధ్యమా?

ఇంతమాత్రమున పాత తపాలా పనికిరానిదని తలచుట తొందరపాటు. 2013 నవంబరులో నాగాలాండున అమూరు డేగలు అను చిన్న పక్షులకు 5 గ్రాముల బరువున్న, సూర్యరశ్మితో పనిచేయు ఆర్గోస్ ప్రసారిణులను కట్టి విడిచిరి. అవి దక్షిణాపథము మీదుగా పోయి, అరేబియా సముద్రమును దాటి ఆఫ్రికా చేరిన దారి ఆ ప్రసారిణుల వలననే లోకమునకు తెలిసినది. ఆ పక్షి చెప్పవలసినది ఒక్కటే: నేనిచ్చటనున్నాను. దానికి పెద్ద మోడెమును కట్టినచో అది ఎగురలేదు. కొన్ని గంటలు పలికి, చాల గంటలు మౌనముగా నుండి బేటరీ నింపుకొనుటయే దానికి తగిన మర్యాద. పాత తపాలాయును మారుచున్నది. 2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుండి వెడలిన సరళ్ ఉపగ్రహమును, 2022 నవంబరు 26న అచ్చటినుండియే వెడలిన ఓషన్‌శాట్ వరుసలోని మూడవ ఉపగ్రహమును కొత్తరకపు ఆర్గోస్ గ్రాహకములను మోసికొనిపోయినవి. కొత్త పద్ధతిలో ఉపగ్రహము తాను వచ్చినట్లు క్రిందికి తెలుపగలదు, అందినదని చెప్పగలదు. వినువాడున్నప్పుడే పలుకుటకు, విన్నాడని తెలిసిన పిదప ఊరకుండుటకు వీలైనది. నలుబది మార్లు చెప్పు అగత్యము తప్పినది.

లోతు సముద్రమున సునామీని కనిపెట్టు పరికరములు మూడవ మార్గము త్రొక్కినవి. అమెరికావారు డార్ట్ అను పేరిడిన పరికరము సముద్రపు నేలపై కూర్చుండి, పైనున్న నీటి బరువును 15 సెకండ్లకొకసారి కొలుచును. కొలిచినదంతయు చెప్పదు. మామూలు దినములలో 15 నిమిషములకొక అంకె చొప్పున కూడబెట్టి కొన్ని గంటలకొకసారి పంపును. కాని ఆటుపోటుల లెక్కను బట్టి నీటిమట్టము ఎంతయుండవలయునో తానే ఊహించుకొనుచు, కొలతకును ఊహకును 3 సెంటీమీటరుల తేడా వచ్చినచో, మౌనము విడిచి 15 సెకండ్ల అంకెలనే ఎడతెగక పంపనారంభించును. ఏండ్ల తరబడి పొదుపు చేసినది ఆ కొద్ది గంటల దుబారా కొరకే. 2004 డిసెంబరు 26 నాటి విపత్తు తరువాత మన దేశమును ఇట్టి పరికరములను సముద్రములో నిలిపినది. 2007 అక్టోబరులో హైదరాబాదున ఇన్‌కాయిస్ వారి యొద్దనే సునామీ హెచ్చరిక కేంద్రము వెలసినది.

ఫ్లోటునకును ఇట్టి దుబారా నేర్పవలయునా? ఇరిడియం వలన వచ్చిన గొప్ప మార్పు ఇదియే. ఫ్లోటు చెప్పుటయే గాక వినుటయు నేర్చినది. పైకి వచ్చినప్పుడు దానికొక ఆజ్ఞ అందించి, పది దినములకు బదులు అయిదు దినములకొకసారి రమ్మనవచ్చును, దినమునకొకసారి రమ్మనవచ్చును. బంగాళాఖాతమున తుపాను పుట్టుచుండగా, దాని త్రోవలోనున్న ఫ్లోటు రోజూ పైకి వచ్చి క్రింది వేడి ఎంతయున్నదో చెప్పినచో అంతకంటె కావలసినదేమి? కాని మొదట చెప్పిన లెక్కను మరువరాదు. 150 ప్రయాణములే. పది దినములకొకటి చొప్పున నాలుగేండ్లు. అయిదు దినములకొకటి చొప్పున రెండేండ్లు. దినమునకొకటి చొప్పున అయిదు నెలలు. మాటలోని పొదుపు ఎంత సాధించినను పంపునకయ్యెడి ఖర్చు తగ్గదు. లక్షల రూపాయల యంత్రమును ఓడపై కొనిపోయి విడిచినవారు ఒక్క ఋతువులో దానిని కాల్చివేయుటకు జంకుట సహజము. ప్రపంచపు సముద్రముల దీర్ఘకాలపు మార్పును కొలుచుటకు పుట్టిన యంత్రమునకు స్థానికమైన ఆపదలో ఎంత పాలు పెట్టవలయును? మా అభిప్రాయమడిగినచో, కోట్ల జనము తీరమున నివసించు ఈ అఖాతములో కొన్నిటినైనను అల్పాయుష్కులుగా నియోగించుటయే న్యాయము. నాలుగేండ్ల సగటు లెక్కకు తక్కిన సముద్రములు కలవు.

కొత్త కొత్త పరికరములు ఫ్లోటులపై చేరుచున్నవి: ప్రాణవాయువును, పచ్చదనమును, ఆమ్లగుణమును, నత్రితములను కొలుచునవి. అన్నియు ఆ ఒక్క బేటరీనుండియే త్రాగవలయును. మాట చవుకైన కొలది చెప్పవలసిన సంగతులు పెరుగుట మనుష్యులయందే గాదు, యంత్రములయందును కలదు.

తుపాను సంగతి ఇంకొక మాట చెప్పవలసియున్నది. ఆజ్ఞ పంపినంతమాత్రమున ఫ్లోటు వినదు. వెయ్యి మీటరుల నీటి క్రిందనున్న దానికి ఏ రేడియో తరంగమును చేరదు. అది పైకి వచ్చిన ఆ పావుగంటయే దానికి చెవులున్న వేళ. నిన్ననే మునిగిన ఫ్లోటునకు నేడు వాయుగుండము కనబడినదని చెప్పవలయునన్న, ఇంక తొమ్మిది దినములు ఆగవలయును. అప్పటికి వాయుగుండము తుపానై, తీరము దాటి, వానయై పోయియుండును. కనుక తుపాను పుట్టిన పిదప ఈ నిర్ణయమునకు వేళ మించును. ఏ ఫ్లోటులను అక్టోబరు, నవంబరు, డిసెంబరు మాసములలో తరచుగా పైకి రమ్మనవలయును, ఏవానిని వాని మౌనమునకు విడువవలయును అనునది సముద్రము ప్రశాంతముగానున్న సెప్టెంబరులోనే, హైదరాబాదున బల్లముందు కూర్చుండి తేల్చుకొనవలయును.